చెంచాకు చిక్కని చక్కెర

తిరుమల శ్రీవారి లడ్డూకు ఒక దిట్టం ఉంది. 5,100 లడ్డూలు కట్టాలంటే శనగపిండి 180 కిలోలు, నెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4 కిలోలు పడాలి. ఇక పంచదార 400 కిలోలు. భక్తిని కాసేపు పక్కనపెట్టి గుమాస్తాలా భాగారం చేస్తే, కలకండతో కలిపి ఒక్కో లడ్డూ వాటాకు 80 గ్రాముల తీపి వస్తుంది. అంటే ఇంచుమించు సగం లడ్డూ చక్కెరే. నెయ్యీ పిండీ కూడా కలుపుకుంటే ఏడెనిమిది వందల కేలరీలు ఎక్కడికీ పోవు. రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం ఇది మూడు రోజులకు పైబడిన పద్దు. అయితే మన ఇళ్లలో తిరుపతి ప్రసాదాన్ని ఒక్కరే కూర్చుని తినే ఆచారం లేదు. కొండ దిగి వచ్చినవాళ్లు లడ్డూ చిదిపి ఇంటిల్లిపాదికీ, ఇరుగుపొరుగుకీ తలా కాస్త చేతిలో పెడతారు. పదిమందికి పంచితే మనిషికి 8 గ్రాములు. బరువు తగ్గించే చిట్కాలంటూ వచ్చేవాటిలో దీన్ని మించినది నాకింతవరకు కనబడలేదు.

పళ్లెం చిన్నదైతే తీపీ చిన్నదవ్వాలి

ఆ 25 గ్రాములన్నది అందరికీ ఒకటే అంకె కాదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శాతాల్లో చెప్పింది: రోజు మొత్తం తినే కేలరీల్లో చక్కెర వాటా 10 శాతం లోపే ఉండాలి, 5 శాతం లోపుంటే ఇంకా మంచిది. 2,000 కేలరీలు తినే మనిషికి 5 శాతమంటే 100 కేలరీలు. గ్రాము చక్కెరకు 4 కేలరీల చొప్పున 25 గ్రాములు. బరువు తగ్గాలని 1,500 కేలరీలకు దిగినవారికి అదే 5 శాతం 19 గ్రాములకు జారిపోతుంది. డైటింగ్ మొదలుపెట్టినవాళ్లు అన్నం సగం చేస్తారు, చపాతీలు లెక్కపెడతారు, కాఫీలో పంచదార జోలికి మాత్రం పోరు. దాంతో మొత్తం తిండిలో తీపి వాటా పెరిగి కూర్చుంటుంది.

ఈ లెక్కలోకి ఏది వస్తుంది, ఏది రాదు అన్నది మరో విశేషం. జామపండు కొరికి తింటే అందులోని చక్కెర లెక్కలోకి రాదు. పాలలో సహజంగా ఉండే లాక్టోజూ రాదు. బత్తాయి రసం పిండుకుని తాగితే మాత్రం వస్తుంది, ఇంట్లో మన చేత్తో పిండినా సరే. తేనె వస్తుంది, బెల్లం వస్తుంది, షర్బతు పాకం వస్తుంది.

చెంచా అంటే ఏ చెంచా?

టీచెంచాను అంచులకు సమానంగా కొలిస్తే 4 గ్రాముల చక్కెర పడుతుంది. డబ్బాలో ముంచి కుప్పగా తీస్తే 6, 7 గ్రాములు కూడా వస్తుంది. వంటింట్లో చిన్న డిజిటల్ తూకం ఉంటే దాని మీద గిన్నె పెట్టి, సున్నా చేసి, రోజూ టీలో ఎలా వేస్తారో అలాగే కళ్లు మూసుకుని రెండు చెంచాలు వేసి చూడండి. 8 అని చూపాల్సినచోట 12, 13 కనబడితే కంగారుపడకండి. చాలా ఇళ్లలో కథ ఇదే.

మధ్యస్థంగా చెంచాకు 5 గ్రాములనుకుందాం. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాలు: 40 గ్రాములు, 160 కేలరీలు. నెలకు 4,800. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలంటారు. ఆ లెక్కన టీలో చక్కెర ఒక్కటి మానేస్తే కాగితం మీద నెలకు అరకిలో పైచిలుకు తగ్గాలి. ఒంటి మీద అంత నికరంగా తగ్గదు. బరువు తగ్గేకొద్దీ శరీరం తన ఖర్చు తాను తగ్గించుకుంటుంది, ఆకలి పెంచి గుంజుకోవాలనీ చూస్తుంది. అయినా సరే, ఆ 160 కేలరీలు ఖర్చు కావాలంటే మామూలు మనిషి అరగంటకు పైగా చురుగ్గా నడవాలి. నడవడం కన్నా వేసుకోకపోవడం తేలిక.

ఇరానీ చాయ్ దగ్గర మాత్రం ఈ ఉపాయం పారదు. డికాక్షను ఒక పక్క, పాలు ఒక పక్క గంటల తరబడి కాగుతుంటాయి. చక్కెర ముందే పడిపోయి ఉంటుంది. మనం వెళ్లి ‘చక్కెర తక్కువ’ అంటే కౌంటర్ దగ్గరాయన నవ్వి ఊరుకుంటాడు. అక్కడ ఒకటే దారి, ‘వన్ బై టూ’ చెప్పడం. పక్కన ఉస్మానియా బిస్కెట్లు తెప్పించుకుంటే మళ్లీ మొదటికొస్తాం. ఆఫీసు మెషీన్లలో పోసే ప్రీమిక్స్ పొడి సంగతీ అంతే. చాలావాటిలో చక్కెర కలిపే వస్తుంది. మనం పైన వేసుకునే పొట్లం అదనం.

తాగిన తీపిని కడుపు గుర్తుపెట్టుకోదు

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 2000 ప్రాంతంలో ఒక చిన్న ప్రయోగం జరిగింది. పదిహేనుమందికి నాలుగు వారాలపాటు రోజూ 450 కేలరీల జెల్లీ బిళ్లలు తినిపించారు. మరో నాలుగు వారాలు అవే 450 కేలరీలను సోడా రూపంలో తాగించారు. బిళ్లలు తిన్నన్నాళ్లూ వాళ్లు తమకు తెలియకుండానే మిగతా తిండి తగ్గించుకున్నారు. లెక్క సరిపోయింది. సోడా తాగినన్నాళ్లూ తిండి ఒక్క మెతుకు తగ్గలేదు. ఆ 450 వచ్చి పైన కూర్చున్నాయి. రెంటిలోనూ ఉన్నది అదే చక్కెర. తేడా అల్లా నమలడానికీ మింగడానికీ మధ్య.

చిన్న ప్రయోగమే గానీ బరువు తగ్గాలనుకునేవారికి దీనంత పనికొచ్చే విశేషం ఇంకోటి లేదనిపిస్తుంది. చక్కెరలో మొదట కోత పడాల్సింది గ్లాసులో. పండక్కి తిన్న అరిసె గుర్తుంటుంది, మర్నాడు కాస్త తగ్గించి తింటాం. ఎండన పడి వెళుతూ చెరకు బండి దగ్గర ఆగి తాగిన గ్లాసు ఎవరికి గుర్తుంటుంది? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఈ చెరకు రసం ప్రస్తావన ప్రత్యేకంగా ఉంది. 100 మిల్లీలీటర్లకు 13 నుంచి 15 గ్రాముల చక్కెర అట. పావు లీటరు గ్లాసుకు 32 గ్రాములు దాటుతుంది. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాములే ఉంటుంది. అంటే ‘ఆ విషం ఎందుకు, ఇది సహజం కదా’ అని కోలా మానేసి చెరకు రసం తాగినవాళ్లు లెక్క ప్రకారం నష్టపోయారన్నమాట. నన్నారి సోడా, బాదం పాలు, సపోటా మిల్క్‌షేక్ కూడా ఈ బాపతే.

అదే గ్లాసుడు కొబ్బరిబొండం నీళ్లలో చక్కెర సాధారణంగా పది గ్రాముల లోపే. ఉప్పేసిన పల్చటి మజ్జిగలో మనం కలిపేదేమీ లేదు.

పొద్దున్నే తేనె నీళ్లు

బరువు తగ్గే వ్రతం పట్టినవాళ్లలో ఎక్కువమంది దినచర్య గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, తేనెతో మొదలవుతుంది. పెద్ద చెంచా తేనె 21 గ్రాములు తూగుతుంది. అందులో 17 గ్రాములు చక్కెరలే, 64 కేలరీలు. అంటే 1,500 కేలరీల మనిషికి ఆ రోజు వాటా 19 గ్రాములైతే, పళ్లు తోముకున్న పావుగంటకే 17 ఖర్చయిపోయాయి. తేనె కొవ్వును కోస్తుందనేందుకు గట్టి ఆధారం లేదు. ఆ నీళ్లలో మేలు చేసేది ఏదైనా ఉంటే అది నీళ్లే. నిమ్మకాయకు అభ్యంతరం లేదు.

అనకాపల్లి వారు కోప్పడకపోతే

దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లిది ఒకటి. బెల్లం రుచికి పంచదార సాటిరాదు. ముక్కల పులుసులో చిన్న బెల్లం గడ్డ పడకపోతే అది పులుసే కాదు. అంతవరకు సరే. బరువు విషయానికొస్తే 100 గ్రాముల పంచదారలో 400 కేలరీలుంటే, అంతే బెల్లంలో 380 చిల్లర. తేడా ఇరవై లోపే. పైగా బెల్లం తీపి కాస్త మందం కాబట్టి చెయ్యి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది.

‘బెల్లంలో ఇనుము ఉంది కదండీ’ అంటారు. ఉంది. పది గ్రాముల బెల్లంలో సాధారణంగా ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. భారతీయ వైద్య పరిశోధన మండలి ప్రకారం స్త్రీలకు రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. ఇనుము కోసం బెల్లం తింటే ఆ 29 పూర్తయ్యేసరికి ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. తోటకూర, ఉలవలు, మాంసం తినేవారికి కాలేయం ఉండగా బెల్లానికి ఆ బరువు మోపడం అన్యాయం.

తాటిబెల్లం, కొబ్బరి చక్కెర, ఖర్జూరం పాకం అన్నీ ఇదే వరసలో నిలబడతాయి. ‘చక్కెర లేని’ ఖర్జూరం లడ్డూలంటూ డబ్బాల్లో అమ్ముతున్నారు. ఖర్జూరం బరువులో మూడింట రెండొంతుల దాకా చక్కెరే ఉంటుంది. పండుగా రెండు తింటే పీచుతో సహా మంచిదే. మెత్తగా రుబ్బి నేతిలో వేయించి ఉండలు కడితే ఆ ‘రెండు’ ఎప్పుడు దాటాయో తెలియదు.

ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రేకు చూస్తే వెనకున్నది కనబడేంత పల్చన. దాని తేలికతనం చూసి మోసపోకూడదు. బియ్యపు పొర తూకం ఏమంత ఉండదు. మిగతాదంతా చక్కెర పొడో బెల్లం పొడో, దాన్ని పట్టి ఉంచే నెయ్యి. ఇప్పుడు షుగర్‌ఫ్రీ పూతరేకులూ వచ్చాయి, నెయ్యి మాత్రం అలాగే ఉంది. షుగర్‌ఫ్రీ కాజూ కట్లీలో కూడా చక్కెర పోతుంది గానీ జీడిపప్పు ఎక్కడికి పోతుంది? మధుమేహానికి అది కొంత ఊరట కావచ్చు. నడుముకు కాదు.

చేతులు కడుక్కోని శాస్త్రవేత్తలు

కేలరీల్లేని తీపి పదార్థాల చరిత్ర చదువుతుంటే ప్రయోగశాలల్లో శుభ్రత మీద అనుమానం వస్తుంది. 1879లో అమెరికాలో, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో కాన్‌స్టంటిన్ ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త తారు నుంచి తీసిన పదార్థాల మీద పనిచేసి, చేతులు సరిగా కడుక్కోకుండా భోజనానికి కూర్చున్నాడు. రొట్టె తియ్యగా తగిలింది. వేళ్లు నాకి చూస్తే అవీ తీపే. పరుగున ప్రయోగశాలకు వెళ్లి, బల్ల మీదున్న గిన్నెలన్నీ రుచి చూస్తూ పోయాడట. అదృష్టవంతుడు, వాటిలో విషం లేదు. అలా పుట్టింది శాకరిన్.

1937లో మైకేల్ స్వేదా అనే విద్యార్థి ఇలినాయిలో పనిచేస్తూ బల్ల అంచున పెట్టిన సిగరెట్‌ను మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. తియ్యగా ఉంది. అది సైక్లమేట్. 1965లో జేమ్స్ ష్లాటర్ కడుపులో పుండుకు మందు వెతుకుతూ, కాగితం తియ్యడానికి వేలు నాలుక మీద అద్దుకున్నాడు. ఆస్పర్టేమ్ దొరికింది. ఈ వేలు తడుపుకునే అలవాటు మన కిరాణా కొట్లలో ఇప్పటికీ ఉంది, కానీ ఇంతవరకు ఏమీ బయటపడలేదు.

అన్నిటికన్నా సరదా కథ సుక్రలోజ్‌ది. 1976, లండన్. చక్కెరకు క్లోరిన్ తగిలించి కొత్త పదార్థాలు తయారుచేస్తున్నారు. పెద్దాయన లెస్లీ హఫ్ ఒకదాన్ని ‘టెస్ట్’ చెయ్యమన్నాడు. శశికాంత్ ఫడ్నిస్ అనే యువ పరిశోధకుడికి అది ‘టేస్ట్’ అని వినబడింది. నాలుక మీద వేసుకున్నాడు. అది చక్కెర కన్నా 600 రెట్లు తీపి.

వంటింటికి పనికొచ్చే ముక్క ఒకటుంది. ఆస్పర్టేమ్ వేడికి విరిగిపోయి తీపి పోగొట్టుకుంటుంది. పాయసంలో వేసి ఉడికిస్తే శ్రమ దండగ. సుక్రలోజ్ కొంత వేడిని తట్టుకుంటుంది. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే అరుదైన లోపం ఉన్నవారు ఆస్పర్టేమ్ అసలు ముట్టకూడదు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉండేది అదే.

మరి వీటితో బరువు తగ్గుతారా? 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ప్రశ్నకు జవాబిచ్చింది: బరువు అదుపు కోసం వీటిని వాడవద్దు. కొద్ది నెలల ప్రయోగాల్లో కాస్త తగ్గినట్టు కనబడినా, ఏళ్ల తరబడి చూసినప్పుడు లాభం తేలలేదని కారణం చెప్పింది. మధుమేహం ఇప్పటికే ఉన్నవారికి ఈ సలహా వర్తించదనీ అందులోనే ఉంది. అదే ఏడాది జులైలో ఆస్పర్టేమ్‌ను ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు’ అనే వర్గంలో చేర్చడంతో పత్రికల్లో గగ్గోలు పుట్టింది. కానీ రోజువారీ పరిమితి, కిలో శరీర బరువుకు 40 మిల్లీగ్రాములు, మారలేదు. రోజుకు రెండు మాత్రలు కాఫీలో వేసుకునేవారు ఆ గీతకు చాలా దూరంలో ఉంటారు. నా మట్టుకు ఆ మాత్రలు చక్కెర మానేటప్పుడు కొన్నాళ్లు ఊతకర్రగా పనికొస్తాయి, అంతే.

పొట్లం వెనక ఏముందంటే

దినుసుల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది నియమం. మరి చక్కెర ఎక్కువ వేసిన కంపెనీ ఏం చేస్తుంది? చక్కెర, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్, మాల్ట్ సారం అని నాలుగైదు పేర్లుగా విడగొట్టవచ్చు. ఒక్కోటీ చిన్న పద్దే కాబట్టి జాబితాలో కిందకు పోతాయి. గోధుమపిండి దర్జాగా మొదటి స్థానంలో నిలబడుతుంది. అందుకే జాబితా కన్నా పక్కనున్న పట్టికలో ‘యాడెడ్ షుగర్స్’ అనే వరస చూడటం మేలు. అక్కడ అంకె ఒక్కటే ఉంటుంది, దాచడం కష్టం.

‘షుగర్ ఫ్రీ’ అని రాయాలంటే 100 గ్రాములకు అర గ్రాము మించి చక్కెర ఉండకూడదని మన ఆహార భద్రతా సంస్థ నియమం. ‘లో షుగర్’ అంటే ఘనపదార్థమైతే 5 గ్రాముల లోపు. ‘నో యాడెడ్ షుగర్’ వేరే సంగతి. పైనుంచి కలపలేదంటారు, లోపల పండ్ల గుజ్జులోదో పాలలోదో ఎంతైనా ఉండవచ్చు.

బిస్కెట్లు తీపి కాబట్టి అనుమానిస్తాం. టొమాటో కెచప్‌ను ఎవరూ అనుమానించరు. పెద్ద చెంచాకు సుమారు 4 గ్రాముల చక్కెర. సమోసాతో పాటు మూడు చెంచాలు నంజుకుంటే ఒక టీలో వేసుకున్నంత అయింది.

పిల్లల పాలలో కలిపే చాక్లెట్ పొడులు దశాబ్దాలుగా ‘హెల్త్ డ్రింకు’ల అరలో కూర్చున్నాయి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, బోర్న్‌విటా వంటివాటిని ఆ వర్గం నుంచి తీసెయ్యమని ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. మరుసటి ఏడాది మేలో సీబీఎస్‌ఈ తన బడుల్లో ‘షుగర్ బోర్డులు’ పెట్టమంది. ఏ శీతల పానీయంలో, ఏ చిరుతిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనబడేలా గోడ మీద రాయడం. ఇళ్లలో ఫ్రిజ్ తలుపు మీద రాసుకున్నా తప్పులేదు.

చక్కెర తింటూ ఏడు కిలోలు

ఇది చదివి ఎవరూ సంబరపడిపోకూడదు గానీ, చెప్పక తప్పదు. 1997లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 42 మంది స్త్రీలను రెండు జట్లు చేశారు. రెండు జట్లకూ రోజుకు సుమారు 1,100 కేలరీల తిండే. ఒక జట్టుకు అందులో 43 శాతం చక్కెర నుంచి, రెండో జట్టుకు 4 శాతం. ఆరు వారాల తర్వాత చూస్తే రెండు జట్లూ ఇంచుమించు ఒకేలా, తలా ఏడు కిలోల చొప్పున తగ్గాయి. కేలరీలు గట్టిగా కట్టేస్తే చక్కెర ప్రత్యేకంగా చేసే మాయ ఏమీ లేదన్నమాట.

కాకపోతే ఆ స్త్రీలకు తిండి కొలిచి ఇచ్చారు. మనకు కొలిచి ఇచ్చేవారెవరు? కొలతే లేనప్పుడు ఏమవుతుందో 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం చూపించింది. ఇరవైమందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ప్యాకెట్ తిండి, రెండు వారాలు వండిన తిండి ముందు పెట్టి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. వడ్డించిన పదార్థాల్లో చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండువైపులా సమానంగా ఉండేలా సర్దారు. అయినా ప్యాకెట్ తిండి రోజుల్లో వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిని, సుమారు కిలో బరువు పెరిగారు. కాబట్టి నేరమంతా చక్కెర నెత్తినే రుద్దడం కుదరదు. అది ఏ వేషంలో, ఎవరితో కలిసి వస్తోందో కూడా చూడాలి.

మన సంగతి తీసుకుంటే, దేశవ్యాప్తంగా జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వేలో భారతీయులు తినే కేలరీల్లో 62 శాతం దాకా పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని తేలింది. స్వీటు మానేసి అన్నం రెండోసారి కలుపుకునేవారు ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

చక్కెర మీద నేరం అసలే రుద్దని కాలమూ ఒకటుంది. 1967లో ఒక ప్రముఖ వైద్య పత్రికలో హార్వర్డ్ నిపుణుల వ్యాసం వచ్చింది. గుండెజబ్బులకు కొవ్వే కారణమంటూ చక్కెరను పక్కకు తప్పించింది. దానికోసం చక్కెర పరిశ్రమ వారు డబ్బు చెల్లించారన్న సంగతి 2016లో పాత ఉత్తరాలు బయటపడితే గానీ లోకానికి తెలియలేదు. ఈలోగా దుకాణాలన్నీ ‘లో ఫ్యాట్’ సరుకుతో నిండిపోయాయి. కొవ్వు తీసేస్తే రుచి పోతుంది, రుచి కోసం చక్కెర పోశారు.

చిన్నచిన్నవి కొన్ని

పిల్లికి తీపి తెలియదు. తీపిని గుర్తించే జన్యువుల్లో ఒకటి దాని ఒంట్లో చెడిపోయిందని 2005లో కనిపెట్టారు. మీ పిల్లి ఐస్‌క్రీం నాకుతోందంటే అది వెన్న కోసమే.

చల్లదనం నాలుక మీద తీపిని అణచిపెడుతుంది. కరిగిపోయిన ఐస్‌క్రీం, వెచ్చబడిన కోలా మొహం మొత్తేది అందుకే. చల్లటి వాటిలో చక్కెర దండిగా పోస్తేనే నాలుకకు ఆనుతుంది. ఏదైనా కూల్‌డ్రింకు మానలేకపోతుంటే, ఒకసారి దాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి పూర్తిగా వెచ్చబడ్డాక తాగి చూడండి.

లండన్‌లోని కింగ్స్ కాలేజీ వారు తక్కువ నిద్రపోయేవారిని కాస్త ఎక్కువసేపు నిద్రపొమ్మని సలహాలిచ్చి పంపారు. తిండి గురించి ఏమీ చెప్పలేదు. అయినా వాళ్లు తినే చక్కెర రోజుకు సుమారు 10 గ్రాములు తగ్గింది. రాత్రి పన్నెండింటికి ఫ్రిజ్ తలుపు తీసే అలవాటున్నవారికి ఇది పెద్ద ఆశ్చర్యమేమీ కాకపోవచ్చు.

నాలుక మెల్లగా దారికి వస్తుంది. మూడు నెలలు తీపి తగ్గించి తిన్నవారికి, మునుపటి పుడ్డింగే ఇంకా తియ్యగా తగిలిందని ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం ప్రయోగంలో తేలింది. టీలో రెండు చెంచాలవారు ఒకేసారి సున్నాకు దిగితే మూడోరోజు టీ మీదే విరక్తి పుడుతుంది. వారానికి పావు చెంచా చొప్పున దిగితే నాలుకకు తెలియదు, ఇంట్లోవాళ్లకూ తెలియదు.

బ్రిటన్‌లో 2018 ఏప్రిల్ నుంచి 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు, అంతకు మించి చక్కెర ఉన్న పానీయాల మీద పన్ను పడింది. విచిత్రమేమంటే పన్ను మొదలవకముందే చాలా కంపెనీలు తమ సీసాల్లో చక్కెరను ఆ గీతకు ఒక మెట్టు కిందకు దించేశాయి. మన దగ్గర 2025 సెప్టెంబరు నుంచి తీపి శీతల పానీయాల మీద జీఎస్టీ 40 శాతం. కానీ చక్కెర లేని గ్యాస్ డ్రింకు మీదా అంతే. తగ్గించినందుకు కంపెనీకి ఒరిగేదేమీ లేదు.

రేషన్ కార్డు చేసిన మేలు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ చక్కెరకు రేషన్ పెట్టింది. అది 1953 సెప్టెంబరు దాకా నడిచింది. రేషన్ ఎత్తెయ్యగానే జనం తినే చక్కెర రోజుకు 40 గ్రాముల నుంచి దాదాపు రెట్టింపయింది. ఆ తేదీకి అటూ ఇటూ పుట్టినవారిని డెబ్భై ఏళ్ల తర్వాత పోల్చి చూసిన అధ్యయనం 2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. కడుపులో ఉన్నప్పుడూ, పుట్టిన తొలి రెండేళ్లూ రేషన్ చక్కెరతో గడిచినవారికి పెద్దయ్యాక మధుమేహం ముప్పు సుమారు 35 శాతం, రక్తపోటు ముప్పు 20 శాతం తక్కువగా ఉంది. అప్పటి తల్లులు డైటింగ్ చెయ్యలేదు. కొట్లో దొరకలేదు, తినలేదు. రెండేళ్లలోపు పిల్లలకు విడిగా చక్కెర పెట్టవద్దని ఇప్పుడు వైద్యులు చెబుతున్నదీ ఇదే వయసు గురించి. బోసినవ్వులకు ముచ్చటపడి చంటిపిల్లల నోట్లో జాంగ్రీ ముక్క పెట్టే మామయ్యలు, బాబాయిలు గమనించగలరు.

పొడపత్రి నమిలితే

మన అడవుల్లో పాకే తీగ పొడపత్రి. దీని ఆకు రెండు నిమిషాలు బాగా నమిలి ఉమ్మేసి, ఆపైన పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టుంటుంది. బెల్లం మట్టిగడ్డ. ఉప్పు, పులుపు మాత్రం మామూలే. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే గ్రాహకాలకు అడ్డంపడతాయి. ఓ అరగంట, మహా అయితే గంట. ఆ తర్వాత తీపి తిరిగి వస్తుంది. మిఠాయి పళ్లెం ముందుకు వచ్చినప్పుడు చెయ్యి వెనక్కి లాగడానికి ఇది కొంత పనికొస్తుందని చిన్న ప్రయోగాల్లో కనబడింది. ఆకు పొడి మింగితే కొవ్వు కరుగుతుందన్న ప్రకటనలను మాత్రం అంత తేలిగ్గా నమ్మనక్కర్లేదు. గొట్టాల్లో మింగితే నాలుకకు తగిలేదే లేదు మరి.

మధుమేహానికి ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారు ఈ పొడులు మొదలుపెట్టినా, ఉన్నట్టుండి తిండి తగ్గించినా వైద్యుణ్ని అడిగే చెయ్యాలి. రక్తంలో గ్లూకోజ్ 70 మిల్లీగ్రాముల కిందకు పడిపోతే చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరుగుతాయి. అప్పుడు వెంటనే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటాగి మళ్లీ పరీక్ష చేసుకోవాలి. షుగర్‌ఫ్రీ మాత్రలు, డైట్ కోలా ఆ సమయంలో దేనికీ పనికిరావు. వోగ్లిబోస్, అకార్బోస్ వంటి మాత్రలు వాడేవారికైతే మామూలు పంచదార కూడా ఆలస్యంగా పనిచేస్తుంది, ఎందుకంటే దాన్ని పేగుల్లో విడగొట్టనివ్వకపోవడమే ఆ మాత్రల పని. వాళ్ల సంచిలో ఉండాల్సింది గ్లూకోజ్ పొడి పొట్లం.